పుస్తకశాల నామఫలకము

(బిష్టుపూరులో మన సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పుస్తకములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరినప్పుడు వారి మనస్సులో ఏ కావ్యమో, ఏ నవలయో ఉండియుండును. నేను పుస్తకము లోపలికి పోవుట లేదు. అంగడి గుమ్మము కడనే నిలిచి, పైనున్న బోర్డును గూర్చి కొంత మనవి చేయదలచితిని. పెక్కు ఊళ్లలో శాఖలు గల పుస్తక విక్రయసంస్థ తన పేరును, అక్షరముల తీరును, రంగును, ముద్రను మార్చుకొనవలసి వచ్చినప్పుడు ఏమి జరుగును, ఏమి జరుగవలెను అనునది నేటి విషయము. ఇది రంగు డబ్బా పట్టుకొనువారి పని, మనకేల అనుకొనకుడు. తెలుగు దేశమునకు దూరముగా పిల్లలను పెంచుచున్నవారికి దీనితో పని కలదు.

పేరు మార్పును గూర్చి మాటలాడుటకు మన ఊరికంటె తగిన చోటు లేదు. సాక్చి అను పల్లెకు 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డు ప్రభువు జంషెడ్జీ టాటా స్మృతిచిహ్నముగా జంషెడ్‌పూరు అని పేరు పెట్టెను. కాలిమాటి స్టేషను టాటానగరు ఆయెను. ఈ సింహభూమి 1912కు పూర్వము బెంగాలులో నుండెను. పిదప బీహారు-ఒరిస్సా రాష్ట్రమున చేరెను. 1936లో బీహారుకు మిగిలెను. 2000 నవంబరు 15 నుండి జార్ఖండులో నున్నది. ఇల్లు కదలకుండనే ఉత్తరము మీది చిరునామా ఇన్నిమారులు మారినది. తపాలా శాఖలోని మన మిత్రులకు ఈ సంగతి నేను చెప్పవలసిన పని లేదు.

ఇట్టి అనుభవమే తెలుగునాట పుస్తకముల సంస్థలకు 2014లో కలిగినది. విజయవాడ కేంద్రముగా విశాలాంధ్ర ప్రచురణాలయము చాల దశాబ్దములుగా పుస్తకములు అచ్చొత్తుచు, పెద్ద పట్టణములలో తన అంగళ్లలో అమ్ముచు వచ్చినది. తెలుగువారిలో చదువరి అనిపించుకొన్నవాడు ఆ బోర్డు క్రింద ఒక్కమారైనను నిలువకుండ ఉండడు. మాస్కోలో అచ్చయిన రష్యను కథల తెలుగు అనువాదములు, గట్టి అట్టతో, చౌక వెలకు, మన ఇండ్లలోనికి వచ్చినది ఆ గుమ్మము దాటియే. శ్రీశ్రీ మహాప్రస్థానమును ఎన్ని తరముల విద్యార్థులు అక్కడ కొనిరో లెక్క లేదు. ఆ సంస్థ వెనుకనున్న రాజకీయ పక్షము మన సభకు విషయము కాదు. మన ఉద్యోగ నియమములును అందుకు ఒప్పవు. నాకు కావలసినది ఆ పేరు మాత్రమే.

విశాలాంధ్రము అనగా తెలుగువారందరు ఒక రాష్ట్రముగా నుండవలెనన్న కోరిక. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము ఏర్పడిన దినములలో ఆ మాట ప్రతి నోటను ఉండెను. కోరిక తీరిన పిదప అది కోరికగా మరుగుపడి, అంగడి పేరుగా మిగిలెను. మల్లె మొగ్గను చూచి పూవు పేరు చెప్పినట్లు, విశాలాంధ్ర యనగానే పుస్తకములే తోచెడివి. 2014 జూను 2న తెలంగాణము వేరు రాష్ట్రము కాగానే నిద్రించుచున్న అర్థము మేలుకొనెను. హైదరాబాదులోను హనుమకొండలోను అంగడి నెత్తిన ఆ మాట ఇంకను నిలిచియున్నచో, దాని క్రింద పోవువాడు పుస్తకమును తలచునా, వివాదమును తలచునా? ఆ పిమ్మట తెలంగాణములోని శాఖలు నవచేతన అను పేరు వహించినవి. ప్రజాశక్తి సంస్థకు తెలంగాణమున నవతెలంగాణ అను పేరు వచ్చినది. ఆంధ్రప్రదేశమున పాత పేర్లు పాత చోటనే నిలిచినవి.

ఈ మార్పు న్యాయమైనదనియే నా అభిప్రాయము. పాఠకుని మనస్సు నొప్పించు పేరును పుస్తకశాల మోయరాదు. అయినను పేరు మార్చుట ఒక దినములో ముగియు పని కాదు. కొత్త పేరు ఎట్లుండునో అక్షరముల కన్నుతో చూడుడు.

విశాలాంధ్ర అను మాటను బోర్డు మీద వ్రాయుట సులభము కాదు. పైన గుడి, రెండు దీర్ఘములు, నడుమ సున్న, కడపట ధకారమునకు క్రారవడి. ధకారమునకు అడుగున నున్న చిన్న గీటు క్రారవడి నీడలో పడి దూరమునకు కనబడదు. అందుచేతనే పెయింటర్లు ఆంధ్రను ‘ఆంద్ర’గా వ్రాసినను ఎవరికిని పట్టదు. నవచేతన అన్నచో ఒక్క ఒత్తు లేదు. ఐదక్షరములు పూసలవలె వరుసగా నిలుచును. మొదటను చివరను నకారమే. వ్రాయువానికిని, నేర్చుకొను పిల్లవానికిని హాయి. ఈ మేలు దైవికముగా కలిగినదో, ఎవరైన ఆలోచించిరో నేను చెప్పజాలను.

కాని ఒక చిక్కు కలదు. నవచేతన, నవతెలంగాణ, వీటికంటె మిక్కిలి పాతదియైన నవోదయ, మూడును పుస్తకముల సంస్థలే. మూడును ‘నవ’తోనే ప్రారంభమగుచున్నవి. వీథికి ఆవలి వైపునుండి చూచువాడు మొదటి రెండక్షరములను చూచి ఏ అంగడియో చెప్పలేడు. కావున నవచేతనకు రూపము దిద్దువాడు తన బలమంతయు మూడవ అక్షరమైన ‘చే’ మీద పెట్టవలెను. ఆ ఏత్వమును కొంచెము పొడవుగా, గాలికి లేచిన దీపశిఖవలె, ఎత్తి వ్రాసినచో అదియే చిహ్నమగును. వేరుగా దీపము బొమ్మయు, పుస్తకము బొమ్మయు అక్కరలేదు. మన తెలుగు సంస్థల చిహ్నములలో విప్పిన పుస్తకము, ఉదయించు సూర్యుడు, కాగడా, కలము, ఇవన్నియు ఒకేచోట ఇరుకుకొని యుండుట మీరును చూచియుందురు. అంత జనసమ్మర్దములో పేరు ఎక్కడనో నలిగిపోవును.

ఇట్టి మార్పులు విదేశములలో ఎట్లు నడచినవో రెండు ఉదాహరణములు చెప్పెదను. ఇంగ్లండులో స్మిత్ పేర నడచిన అంగళ్లు 1792 నాటివి. 1848 మొదలు రైలు స్టేషన్లలో పుస్తకముల దుకాణములు పెట్టి పేరు పొందినవి. 1903లో పారిసు శాఖకు బోర్డు వ్రాయుటకై ఎరిక్ గిల్ అను శిల్పిని పిలిపించిరి. ఆయన దిద్దిన అక్షరములే తరువాత పెక్కు శాఖలకు ఒరవడి ఆయెను. ఒరవడి యన్నది ఇక్కడ ముఖ్యమైన మాట. శాఖలు పెక్కు, పెయింటర్లు పెక్కు. అందరికిని ఒకే మాతృక ఇచ్చినచో ఏ ఊరికి పోయినను అంగడి ముఖము ఒకటిగానే కనబడును.

అట్టి పేరును ఆ సంస్థ 2025లో వీథి అంగళ్ల మీద నిలుపుకొనజాలలేదు. రైలు స్టేషన్లలోను విమానాశ్రయములలోను ఉన్నవాటిని ఉంచుకొని, పట్టణ వీథులలోని సుమారు 480 అంగళ్లను అమ్మివేసినది. పేరు అమ్మకములో చేరలేదు. కొన్నవారు టి.జి. జోన్స్ అని కొత్త పేరు పెట్టిరి. ఆ జోన్స్ ఎవరని అడిగినచో జవాబు లేదు. అట్టి మనిషియే లేడు. స్మిత్‌కు బదులు అంతటి సామాన్యమైన ఇంటిపేరు మరియొకటి కావలెనని ఏర్పరచుకొనిరి. అనేకులు నవ్విరి. నేను మాత్రము నవ్వుటకు తొందరపడను. మన రైల్వేవారు ఎరిగిన వీలర్ దుకాణములను చూడుడు. 1877లో అలహాబాదులో ఆ సంస్థను నెలకొల్పినవారిలో ప్రముఖుడు ఎమీల్ మోరో. ప్లాట్‌ఫారము మీద వీలర్ దుకాణమున చందమామ కొన్నవాడెవడును, వీలర్ ఎవరని అడుగలేదు. రైలు కదలులోపల పుస్తకము చేతికి వచ్చినది. పేరు దానంతట అదే నిజమైనది.

రెండవ ఉదాహరణము వాటర్‌స్టోన్స్. టిమ్ వాటర్‌స్టోన్ 1982లో స్థాపించిన ఈ అంగళ్ల బోర్డు బాస్కర్‌విల్ అను అచ్చు తీరులో నుండెడిది. జాన్ బాస్కర్‌విల్ పదునెనిమిదవ శతాబ్దమున బర్మింగుహామున వ్రాత నేర్పిన గురువు, సమాధి శిలల మీద అక్షరములు చెక్కినవాడు. పిదప అచ్చు అక్షరములు కూర్చెను. అట్టి గంభీరమైన పెద్ద అక్షరమును 2010లో తీసివేసి, గుండ్రని చిన్న అక్షరము పెట్టిరి. చూచుటకు అది సబ్బు పెట్టె మీది గుర్తువలె నున్నదని నాకు తోచును. 2011లో సంస్థ చేతులు మారి, జేమ్స్ డాంట్ నిర్వాహకుడాయెను. 2012 జనవరిలో బాస్కర్‌విల్ మరల వచ్చెను. అప్పుడే పేరులోని కొక్కెపు గుర్తును, అనగా ఇంగ్లీషున షష్ఠీ విభక్తిని తెలుపుదానిని, తొలగించిరి. అంతర్జాలపు చిరునామాలలో అది ఇమడదని కారణము చెప్పిరి. ఆ కొక్కెమును రక్షించుటకే ఇంగ్లండున ఒక సంఘముండెను. వారు గట్టిగా ఆక్షేపించిరి. మనము అరసున్నను, బండి ఱకారమును పోగొట్టుకొన్నప్పుడు ఇంతమాత్రపు సంఘమైనను లేకపోయెను గదా అని నాకు కొంచెము అసూయ కలిగినది.

అయితే ఆ అంగళ్లు కోలుకొనినది అక్షరము మారుటచేత కాదు. పూర్వము ప్రచురణకర్తలు సొమ్మిచ్చి గాజు కిటికీలోను ముందు బల్లమీదను తమ పుస్తకములకు చోటు కొనుక్కొనెడివారు. డాంట్ ఆ సొమ్ము వలదనెను. ఏ ఊరి అంగడిలో ఏ పుస్తకము ముందుండవలెనో ఆ ఊరి ఉద్యోగులే నిర్ణయింపవలెనని విడిచిపెట్టెను. బోర్డు ఒరవడి అంతట ఒకటి. లోపలి అలమారలు మాత్రము ఊరికి తగినట్లు వేరు వేరు. శాఖలు గల ఏ సంస్థయైనను నేర్వదగిన పాఠము ఇందులో నున్నది. మనవారు తరచుగా దీనికి విపర్యయముగా చేయుదురు. బోర్డు ఊరికొక తీరు. లోపల మాత్రము ఏ ఊరనైనను అవియే పోటీపరీక్షల పుస్తకములు.

బోర్డు ఊరికొక తీరుగా నుండుటకు కారణము కలదు. పూర్వము ఆయా ఊరి పెయింటరు తన చేతివ్రాతలో వ్రాసెడివాడు. ఒకని శకారము పొట్ట లావు; ఇంకొకని తలకట్టు కోడిపుంజు తోకవలె నుండును. అందులో ఒక అందము, ఒక ప్రాణము ఉండెను, ఒప్పుకొనవలెను. పిదప ఫ్లెక్సు వచ్చినది. కంప్యూటరులో అక్షరము ఎన్నుకొని, చోటు చాలనిచో ప్రక్కలనుండి నొక్కుట, చోటు మిగిలినచో సాగదీయుట. గుండ్రని తెలుగు అక్షరమును నొక్కినచో అది కోడిగ్రుడ్డు అగును. ఇంగ్లీషు పెద్ద అక్షరములు కొంత నొక్కినను ఓర్చుకొనును. వానికి నిలువు గీతల బలమున్నది. మన లిపి వలయములతో నిలిచినది; వలయము చెడినచో అక్షరము చెడును.

మరియొక లోపము కొలతలో నున్నది. మన కార్యాలయములలో బోర్డు మీది భాషలన్నియు సమాన ప్రమాణమున నుండవలెనని నియమము. న్యాయమైన నియమమే. కాని తెలుగునాట మూడు భాషలకు మూడు సమానమైన పట్టీలు గీచినప్పుడు ఏమగును? ఇంగ్లీషు పెద్ద అక్షరమునకు పైన ఏమియు లేదు, క్రింద ఏమియు లేదు. పట్టీ అంతయు తానే నిండును. తెలుగునకు పైన గుడి, ఏత్వము, క్రింద ఒత్తులు. వాటన్నింటికిని చోటు విడిచి నడుమ మిగిలినదే అక్షరపు ఒడలు. పట్టీ సమానము, అక్షరము సగము. పుస్తకముల సంస్థలు ఈ గణితమును ఎరుగకుండ, ఇంగ్లీషు చిహ్నమును మొదట దిద్ది, తెలుగును పిదప ఆ కొలతలోనికి దూర్చుచున్నవి. నన్నడిగినచో మొదట తెలుగు పేరును దాని ఒత్తులతోను సున్నలతోను దిద్దవలెను. ఇంగ్లీషును దాని ప్రక్కన నిలుపవలెను. నిలువలేననునంత గర్వము ఇంగ్లీషు అక్షరమునకు లేదు.

అక్షరములు దొరకవను మాట ఇప్పుడు చెల్లదు. సిలికానాంధ్రవంటి సంస్థల కృషివలన తెలుగు అక్షర రూపములు పెక్కు అంతర్జాలమున ఉచితముగా లభించుచున్నవి. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, పెద్దన, తిమ్మన, ధూర్జటి అని వాటికి పేర్లు. వ్యవహార భాషకై పోరాడిన గిడుగువారును, అష్టదిగ్గజములును ఒకే జాబితాలో ప్రక్కప్రక్కన కూర్చుండుట చూచి సంతోషించితిని. అన్నియు బోర్డుకు పనికిరావు. సన్నని గీతలు గలవి పుస్తకములోని పుటకు. ఒడలు నిండినవి గోడకు. 2014లో దివంగతులైన బాపుగారు అట్టల మీద వ్రాసిన అక్షరములను మనము బొమ్మ చూడకయే గుర్తుపట్టుదుము. ఒక చేతివ్రాత ఒక జాతికి పరిచితమగుటకు అంతకంటె నిదర్శనము వేరొకటి ఏల?

ఇప్పుడు దూరమున నున్న మన మాట. విజయవాడవానికి పుస్తకశాల ముఖము బోర్డు. బిష్టుపూరులోనివానికి బోర్డు కనబడదు. మన పెద్దలకు ఆ ముఖము పార్సెలు పైచీటి, లోపలి అట్టమీద ఊదా సిరాతో వేసిన రబ్బరు ముద్ర, వి.పి.పి. విడిపించుకొన్నప్పుడు చేతికి అంటిన జిగురు. సెలవులకు పోయివచ్చినవారు తెచ్చిన పుస్తకమున ఆ ముద్ర చూచి, ఇది విశాఖపట్టణమున కొన్నది, ఇది గుంటూరున కొన్నది అని చెప్పెడివారు. నేడు మన పిల్లలకు ఆ ముఖము టెలిఫోను తెరమీద కందిగింజంత వలయము. అంత చిన్నచోట ఏ సంస్థయు పూర్తి పేరు వ్రాయజాలదు. ఒక్క అక్షరము పెట్టును. చాలవరకు అది ఇంగ్లీషు అక్షరము. విశాలాంధ్రకు ‘వి’ అని పెట్టినచో ఏమి లోటు? ఆ గుడి కట్టిన వకారము ఏ ఇంగ్లీషు అక్షరమునకును పోలిక లేనిది. వేయి గుర్తులలో ఇదియే ప్రత్యేకముగా కనబడును.

ఇచటనే మన పని యున్నదని మొదట మనవి చేసితిని. మన పిల్లలు బడిలో హిందీయు ఇంగ్లీషును చదువుదురు. ఇంట తెలుగు మాటలాడుదురు, చదువలేరు. మన ప్రధాన వీథిలో ఈ కొననుండి ఆ కొనవరకు నడచినను వారి కంటబడు తెలుగు అక్షరములెన్ని? బరంపురము దాటి రైలు ఇచ్ఛాపురము చేరునప్పుడు, పసుపు బోర్డు మీద నల్లని తెలుగు కనబడగానే నిద్రించు పిల్లలను లేపి చూపు తల్లులు ఈ సభలో పలువురు కలరు. ఆ పిల్లవాడు దానిని చదువుట లేదు, చూచుచున్నాడు. అక్షరము వానికి ఇంకను బొమ్మయే. అయినను, ఇది మనది అని వాడు గుర్తుపట్టినాడు. బొమ్మగా గుర్తుపట్టినదానిని అక్షరముగా చదువుటకు నడుమనున్నది ఒక వేసవి సెలవుల దూరము మాత్రమే. నొక్కి నలిపిన బోర్డు ఆ పిల్లవానిని అక్కడనే నిలిపివేయును. చక్కని బోర్డు వానికి ఖర్చులేని వాచకము.

కావున పుస్తకముల సంస్థలకు మనము ఉత్తరము వ్రాయవచ్చును. పుస్తకము తెప్పించుకొన్నప్పుడెల్ల, లోపలి అట్టపై తెలుగు ముద్ర వేసి పంపుడని ఒక పంక్తి చేర్చుడు. కొనుగోలుదారు అడిగినదానిని వర్తకుడు ఊరకే త్రోసిపుచ్చడు.

మన చేతిలోనిది మరియొకటి కలదు. మన సంఘపు పుస్తకముల అలమారకు బోర్డు లేదు. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో తెలుపు చీటి మాత్రము, అదియు ఇంగ్లీషున, అంటించియున్నది. నాలుగడుగుల పలక యొకటి చేయింతము. అక్షరపు ఒడలు ఆరంగుళములు; పైన గుడికిని ఏత్వమునకును మూడంగుళములు, క్రింద ఒత్తులకు నాలుగు. ‘పుస్తకము’ అను మాటలో సకారమునకు తకారపు ఒత్తు కలదు. దానికి చోటు చాలవలెను. అక్షరములు కంప్యూటరున తీయించి, గీతలు మాత్రము పలకమీదికి దింపి, రంగు నింపు పని పిల్లలకు ఇచ్చినచో బాగుండును. ఒక్కొక్క అక్షరము ఒక్కొక్కరికి. నాలుగే అక్షరములు గనుక వంతులకు తగవు వచ్చును; పెద్దవారు తీర్చవలెను. పలకకును రంగునకును కావలసిన కొలతలు వ్రాసిన కాగితమును కార్యదర్శిగారి చేతికి ఇచ్చుచున్నాను. కుంచెలు మా ఇంట నున్నవి.